టీవీకి, పాటలకు, హెడ్‌ఫోన్లకు ఏ వైర్‌లెస్ పద్ధతి? ఎంచుకుని అమర్చుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉన్న పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: బ్లూటూత్ కొనాలా, వైఫై స్పీకరు కొనాలా? ఏ పని కోసం అన్నది ముందు తేలితే తప్ప దీనికి జవాబు చెప్పడం కుదరదు. రాత్రి పది దాటాక పక్కగదిలో పిల్లలు నిద్రపోతుండగా సీరియల్ చూడాలనుకునే అమ్మగారికి సరిపోయిన పరికరం, తెల్లవారుతూనే పూజగదిలోనూ వంటింట్లోనూ ఒకేసారి భక్తిగీతాలు వినిపించాలనుకునే వారికి పనికిరాదు. దానికితోడు మన వైపు పాత వీధుల్లో చాలా ఇళ్లు వీధరుగు నుంచి పెరటి దాకా ఒకే వరుసలో సాగే గదులతో, రెండు పక్కలా పొరుగువారితో కలిసిన గోడలతో ఉంటాయి. అట్టపెట్టె మీద అచ్చువేసిన దూరాలు ఖాళీ మైదానంలో లెక్కవేసినవి కనుక అటువంటి ఇంట్లో అవి నిలవవు.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

ఒక స్మార్ట్‌ఫోను, ఒక రోజుకు అరువు తెచ్చుకున్న ఏదైనా చిన్న బ్లూటూత్ స్పీకరు, టార్చిలైటు, మీ వైఫై పాస్‌వర్డు, కాగితం, కలం. టీవీ రిమోట్‌తో పాటు సెట్‌టాప్ బాక్సు రిమోట్ కూడా కావాలి; ఎందుకు అన్నది 6వ మెట్టులో తెలుస్తుంది. డబ్బు ఖర్చుపెట్టేది 5వ మెట్టు తరువాతే.

1. పనిని ఒక్క వాక్యంలో రాసుకోండి

“ఇంటికి మంచి సౌండ్” అని రాస్తే లాభం లేదు. “హాల్లో టీవీ, ఒక్కరే వినాలి, మిగతావారికి వినపడకూడదు” అనో, “ఫోనులోని పాటలు మూడు గదుల్లో” అనో, “ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగులు” అనో రాయండి. పనులు రెండున్నప్పుడు రెండు వాక్యాలు రాసి, రెండింటికీ ఒకే పరికరం దొరుకుతుందన్న ఆశ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

2. టీవీ వెనుక భాగాన్ని ఫోటో తీయండి

పని టీవీతో కాకపోతే ఈ మెట్టు వదిలేయవచ్చు. టీవీతోనైతే టార్చి వేసి, వెనుకా పక్కనా ఉన్న రంధ్రాలన్నీ కనిపించేలా ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. మీరు వెతకవలసినవి మూడు: హెడ్‌ఫోను గుర్తు ఉన్న గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం, చిన్న తలుపులాంటి మూత ఉన్న చతురస్రాకారపు ఆప్టికల్ రంధ్రం (ధ్వనిని వెలుగు రూపంలో పంపేది), పక్కన ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రం (టీవీ ధ్వనిని బయటకు కూడా పంపగలిగేది).

ఆ తరువాత టీవీ సెట్టింగుల్లో సౌండ్ విభాగం తెరచి, ధ్వనిని బయటకు పంపే చోట బ్లూటూత్ పేరు ఉందో లేదో చూడండి. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కొన్ని టీవీల్లో బ్లూటూత్ ఉన్నది రిమోట్ కోసమే. పెట్టె మీద బ్లూటూత్ గుర్తు ఉన్నా హెడ్‌ఫోనుకు ధ్వని పంపవు.

3. ఇంట్లో నడిచి చూడండి

అరువు తెచ్చిన స్పీకరును టీవీ పక్కన పెట్టి, ఫోనుకు జత చేసి, ఏకబిగిన సాగే పాట ఒకటి పెట్టండి. ఫోను చేత్తో పట్టుకుని పెరటి దాకా మెల్లగా నడవండి. పాట ఏ గుమ్మం దగ్గర తెగడం మొదలైందో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. అదే ఫోనును జేబులో వేసుకుని, స్పీకరుకు వీపు పెట్టి మరోసారి నడవండి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే. అందుకే రెండోసారి పాట ముందుగానే తెగవచ్చు. ఇంట్లో నిజంగా జరిగేది కూడా ఇలాగే కనుక రెండో గుర్తునే లెక్కలోకి తీసుకోండి.

తరువాత ప్రతి గదిలోనూ ఫోనులో వైఫై గీతలు ఎన్ని వస్తున్నాయో రాసుకోండి. ఫైబరు తీగ సాధారణంగా వీధి వైపు గదిలోకి వస్తుంది, రౌటరునూ అక్కడే మేకుకు తగిలిస్తారు. మందపాటి మట్టిగోడలో రాతిగోడలో మూడు దాటేసరికి వంటింట్లో గీతలు మిగలవు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమైనదే కాని గోడలకు ఇంకా తొందరగా లొంగిపోతుంది.

4. పద్ధతిని ఎంచుకోండి

బ్లూటూత్. ఫోనుతో పాటలు వినడానికి, ఒక్క గదికి, ప్రయాణాలకు ఇది చాలు; చాలా ఇళ్లకు ఇంతకు మించి అవసరం లేదని నా అభిప్రాయం. దీని బలహీనత ఆలస్యం. ధ్వనిని కుదించి పంపే తీరును కోడెక్ అంటారు; మామూలు ఎస్‌బీసీ కోడెక్‌తో ధ్వని సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. పాటకు అదొక లెక్క కాదు. బొమ్మకు మాత్రం లెక్కే: ధ్వని 125 మిల్లీసెకన్లకు మించి వెనకబడితే చూసేవారు గుర్తుపట్టగలరని ప్రసార రంగపు అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. ఫోనులో వీడియో చూస్తున్నప్పుడు ఈ తేడా తెలియకపోవడానికి కారణం, ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి వీడియో యాప్ బొమ్మను కూడా అంతే ఆపి చూపించడం. సెట్‌టాప్ బాక్సుకు మీ చెవిలో ఏముందో తెలియదు కనుక ఆ సర్దుబాటు చేయదు. “నా ఇయర్‌ఫోను ఫోనులో బాగానే ఉంది, టీవీలో మాత్రం మాట వెనకబడుతోంది, చెడిపోయిందా?” అనే వారందరికీ జవాబు ఇదే, చెడిపోలేదు.

కంపెనీలు సొంతంగా చేసుకున్న 2.4 గిగాహెర్ట్జ్ పద్ధతి. టీవీకో కంప్యూటరుకో గుచ్చే డాంగిల్ అనే చిన్న ముక్కతోనో, టీవీ పక్కన పెట్టే ఛార్జింగు స్టాండుతోనో వచ్చే హెడ్‌ఫోన్లు ఇవి. తరంగాలు బ్లూటూత్ వాడేవే అయినా భాష వేరు, ఆలస్యం చాలా తక్కువ. రోజూ టీవీ చూసే పెద్దవారికి, గేములు ఆడే పిల్లలకు నేను ముందుగా సూచించేది దీనినే. ఒకే ఒక్క జాగ్రత్త: డాంగిల్ పోతే చాలా మోడళ్లలో హెడ్‌ఫోను మూలన పడుతుంది. కొన్న రోజే దాని మీద రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

వైఫై. అనేక గదుల్లో ఒకే పాట, అడుగు తేడా లేకుండా వినిపించాలంటే ఇదే దారి. సీడీ స్థాయి ధ్వనికి సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. వైఫైకి అది సునాయాసం, మామూలు బ్లూటూత్‌కు సాధ్యం కాదు. ఎయిర్‌ప్లే, గూగుల్ కాస్ట్, డీఎల్‌ఎన్‌ఏ వంటివన్నీ వైఫై మీద నడిచే పద్ధతులే. ఐఫోను ఉన్న ఇంట్లో ఎయిర్‌ప్లే 2, ఆండ్రాయిడ్ ఉన్న ఇంట్లో కాస్ట్ ఉన్న స్పీకరు తీసుకుంటే తలనొప్పి తగ్గుతుంది. అయితే ధ్వనిని ముందుగా కొంత కూడబెట్టుకుని వినిపించే పద్ధతి కనుక, టీవీకి ప్రత్యేకంగా కుదిర్చిన మోడలైతే తప్ప టీవీ మాటలకు దీనిని వాడకండి. కరెంటు పోతే రౌటరుతో పాటు పాట కూడా పోతుంది. రౌటరుకు పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ధర కూడా బడ్జెటులో వేసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి, గంజాం జిల్లాలను అతలాకుతలం చేసిన రోజులను చూసిన వారెవరూ ఈ మాటను తేలిగ్గా తీసుకోరు. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఇంట్లో వేరుగా ఉండవలసిందే.

ఇన్‌ఫ్రారెడ్ హెడ్‌ఫోన్లు గోడ దాటవు, కిటికీలోంచి ఎండ పడితే గరగరలాడతాయి. ఇప్పుడు కొత్తగా కొనవలసిన అవసరం లేదు.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చే 900 మెగాహెర్ట్జ్ హెడ్‌ఫోన్ల గురించి హెచ్చరిక. అక్కడ 902 నుంచి 928 దాకా ఉన్న తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. మన దేశంలో 890 నుంచి 915 దాకా ఉన్నది మొబైల్ కంపెనీలకు ఇచ్చిన భాగం. మీకు గరగర, వారికి ఆటంకం, పైగా నిబంధనలకు విరుద్ధం. దాని అడాప్టరు 120 వోల్టులదే అయితే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన మరుక్షణం కాలిపోతుంది. తెచ్చిన ప్రేమను మెచ్చుకుని పెట్టెలోనే ఉంచండి.

5. కోడెక్ చూడండి, కాని దానికే లొంగిపోకండి

షాపులో ముందుగా వినిపించే మాట ఇదే. ఎస్‌బీసీ అన్ని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలోనూ ఉంటుంది, మంచి అమరికలో సెకనుకు 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. ఎల్‌డాక్ అనే మరో కోడెక్ 330, 660, 990 కిలోబిట్లు అనే మూడు మెట్లలో పనిచేస్తుంది. అయితే రెండు చేతులూ కలిస్తేనే చప్పుడన్నట్టు, ఫోనులోనూ హెడ్‌ఫోనులోనూ అదే కోడెక్ ఉంటేనే ప్రయోజనం. ఐఫోన్లలో ఎల్‌డాక్ గాని ఆప్ట్‌ఎక్స్ అనే ఇంకో కోడెక్ గాని ఉండదు. ఎస్‌బీసీ, ఏఏసీ మాత్రమే. ఐఫోను చేతిలో పెట్టుకుని ఎల్‌డాక్ కోసం అదనంగా డబ్బు పెట్టడం వృథా.

ఆండ్రాయిడ్‌లో ప్రస్తుతం ఏది నడుస్తోందో చూడాలంటే, సెట్టింగుల్లో ఫోను వివరాల పేజీకి వెళ్లి బిల్డ్ నంబరును ఏడుసార్లు తట్టండి. డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి; అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ అనే వరుస చూడండి, మిగతావేవీ ముట్టుకోకండి. ఎల్‌డాక్‌ను 990 మీద బలవంతంగా నిలిపితే పక్కగదికి వెళ్లేసరికి పాట తెగుతుంది. దానంతటదే సర్దుకునే అమరికలో వదిలేయండి.

2022లో నిర్దేశాలు పూర్తయిన ఎల్‌ఈ ఆడియో బ్లూటూత్‌లోనే కొత్త పద్ధతి. ఎల్‌సీ3 కోడెక్, తక్కువ ఆలస్యం, ఒకే టీవీ నుంచి అనేక హెడ్‌ఫోన్లకు ప్రసారం చేసే ఆరాకాస్ట్ దీని సుగుణాలు. పంపేదీ వినేదీ రెండూ కొత్తవై ఉండాలి. హెడ్‌ఫోను పెట్టె మీద బ్లూటూత్ 5.2 అనో 5.3 అనో ఉన్నంత మాత్రాన ఎల్‌ఈ ఆడియో ఉన్నట్టు కాదు. ఆ పేరు విడిగా రాసి ఉందేమో చూడండి.

6. టీవీకి ట్రాన్స్‌మిటర్ అమర్చడం

టీవీలో బ్లూటూత్ లేనివారికీ, ఉన్నా హెడ్‌ఫోను కలపగానే టీవీ స్పీకరు మూగబోయేవారికీ ఈ మెట్టు. భార్య టీవీ స్పీకరులో వింటుండగా చెవి మందగించిన భర్త హెడ్‌ఫోనులో ఎక్కువ వాల్యూముతో వినాలంటే ఇదే మార్గం.

టీవీ ధ్వనిని హెడ్‌ఫోనుకు పంపే పరికరం కావాలి కనుక షాపులో “బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్” అని నొక్కి చెప్పండి. కారు స్టీరియోకు తగిలించే చవక పరికరం రిసీవరు; అది వినడమే తప్ప పంపదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండు పనులూ చేసే మోడలైతే పక్కన గోరుతో జరపవలసినంత చిన్న స్విచ్చు ఉంటుంది. దానిని ‘టీఎక్స్’ వైపు జరపాలి. ‘ఆర్‌ఎక్స్’ వైపు ఉంటే ఎంతసేపు ప్రయత్నించినా హెడ్‌ఫోను దొరకదు.

ఆప్టికల్ రంధ్రం ఉంటే దానినే వాడండి. 3.5 మిల్లీమీటర్ల రంధ్రంలో ప్లగ్గు పెడితే చాలా టీవీల్లో స్పీకరు ఆగిపోతుంది. ఆప్టికల్‌తో సాధారణంగా ఆగదు. ఆప్టికల్ తీగ రెండు కొనలకూ కంటికి కనపడనంత పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. వాటిని లాగకుండా బలవంతంగా దూర్చి టీవీ రంధ్రం మూతను విరగ్గొట్టుకునేవారు ఎక్కువ. టోపీలు తీసి, ఒక కొన టీవీకి పెట్టి, రెండో కొన అరచేతి మీద ఉంచి చూస్తే ఎర్రటి వెలుగు చుక్క కనిపించాలి. అది లేకపోతే తప్పు టీవీ సెట్టింగులో గాని తీగలో గాని ఉండవచ్చు.

ఇప్పుడు టీవీలో డిజిటల్ ధ్వని అమరికను ‘పీసీఎం’కు, అంటే కుదించని మామూలు ధ్వనికి, మార్చండి. డాల్బీ మీద ఉంటే ట్రాన్స్‌మిటర్ మౌనంగా ఉంటుంది లేదా బుస్సుమంటుంది. కొన్ని ఛానళ్లకు మాత్రమే శబ్దం పోతే తప్పు సెట్‌టాప్ బాక్సులో ఉండవచ్చు; దాని రిమోట్‌తో ఆడియో మెనూలో స్టీరియో ఎంచుకోండి.

జత చేసేటప్పుడు ఇంట్లోని ఫోన్లన్నిటిలో బ్లూటూత్ ఆపండి. లేకపోతే హెడ్‌ఫోను పాత అలవాటుగా ఫోనుకే అతుక్కుంటుంది. ట్రాన్స్‌మిటర్‌నూ హెడ్‌ఫోనునూ అడుగు దూరంలో ఉంచి, రెండింటినీ జత చేసే స్థితిలో పెట్టి, ఒక నిమిషం ఆగండి.

ఆలస్యం తక్కువగా ఉండాలంటే ట్రాన్స్‌మిటర్‌లోనూ హెడ్‌ఫోనులోనూ ‘ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ’ ఉన్నవి వెతకాలి. దానితో ఆలస్యం సుమారు 40 మిల్లీసెకన్లకు దిగుతుంది, కాని కొత్త హెడ్‌ఫోన్లలో అది అరుదవుతోంది. దొరకకపోతే పట్టుబట్టకుండా స్టాండుతో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ హెడ్‌ఫోనుకు మారండి. అందులో జత చేసే పనే ఉండదు కనుక పెద్దవారికి అదే సులువు.

7. వైఫై స్పీకరు అమర్చడం

స్పీకరు యాప్‌లో కనిపించకపోతే నూటికి తొంభైసార్లు ఫోను వేరే నెట్‌వర్కులో ఉందనే అర్థం. మొబైల్ డేటా ఆపండి, ఫోనును అదే వైఫై పేరుకు కలపండి, అతిథుల కోసం పెట్టిన గెస్టు పేరుకు కాదు. కొన్ని స్పీకర్లు మొదటిసారి అమర్చేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పేరునే అడుగుతాయి.

పొడవాటి ఇంటికి రౌటరును నడిమిగదికి జరపడం అన్నిటికన్నా చవకైన మందు. జరపలేకపోతే వీధిగది నుంచి నడిమిగదికి ఒక ల్యాన్ తీగ లాగి, రెండో రౌటరును యాక్సెస్ పాయింటుగా, అంటే తీగలో వచ్చినదాన్ని అక్కడ మళ్లీ వైఫైగా ఇచ్చేలా, పెట్టండి. వైర్‌లెస్ రిపీటరు కంటే తీగే నమ్మకం. రౌటరులో 2.4 గిగాహెర్ట్జ్ ఛానలును 1, 6, 11లలో పొరుగువారు తక్కువగా వాడుతున్నదానికి మార్చండి. ఫోన్లనూ టీవీనూ 5 మీదకు పంపితే 2.4లో రద్దీ తగ్గి, బ్లూటూత్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

8. ఫలితాన్ని సరిచూసుకోండి

పెదవుల పరీక్ష. వార్తలు చదివేవారి ముఖం దగ్గరగా కనిపిస్తున్నప్పుడు ప, బ, మ అక్షరాలను గమనించండి. పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలివి. పెదవులు విడిపోయిన క్షణంలోనే ఆ అక్షరం చెవిన పడితే సరే. పెదవులు తెరిచాక వినపడుతుంటే టీవీలో ఏవీ సింక్, ఆడియో డిలే అనే పేర్లతో ఉన్న అమరికను ముందుకూ వెనక్కూ జరపండి. ఆ అమరిక ఎక్కువ టీవీల్లో ధ్వనిని ఇంకా ఆలస్యం చేయగలదు గాని ముందుకు లాగలేదు. అప్పుడు మార్చవలసింది పద్ధతినే. తెలుగు ఛానలులోనే చూడండి. డబ్బింగు కార్యక్రమం పెట్టుకుని పరికరాన్ని తిట్టుకోకండి.

నడక పరీక్ష. 3వ మెట్టులో రాసుకున్న గుర్తుల దగ్గరకు మళ్లీ నడిచి, కొత్త పరికరం ఎంతవరకు నిలిచిందో పోల్చండి.

వంటింటి పరీక్ష. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. గాజు గిన్నెలో నీళ్లు పెట్టి ఒక నిమిషం నడిపి, పక్కన పాట తెగుతుందేమో వినండి. తెగితే స్పీకరును కొంత దూరం జరపండి. డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కు ఉన్నా ఇదే ఇబ్బంది. డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెట్టండి.

మాటల పరీక్ష. ల్యాప్‌టాప్ మీటింగులో ఎదుటివారి గొంతు హఠాత్తుగా పాత టెలిఫోనులా వినపడితే, బ్లూటూత్ పాటల తీరు వదిలి కాల్ తీరుకు మారిందని అర్థం. మామూలు బ్లూటూత్‌లో మైకు తెరవగానే ధ్వని నాణ్యత పడిపోతుంది. మీటింగు యాప్‌లో మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకుని, వినడానికి మాత్రం హెడ్‌ఫోను ఉంచండి.

పొరుగు పరీక్ష. కలిసిన గోడల ఇళ్లలో దీనిని వదిలేయకండి. పిన్ను అడగని చవక బ్లూటూత్ స్పీకరుకు పక్కింటి పిల్లాడి ఫోను తగులుకుంటే, మీ పూజగదిలో మీరు పెట్టిన స్తోత్రం ఆగి వాడికి నచ్చిన సంబల్‌పురి పాట మొదలవుతుంది. వాడని వేళ స్పీకరును పూర్తిగా ఆపివేయండి. యాప్ ఉన్న మోడలైతే కొత్త ఫోన్లను జత చేసుకునే అవకాశాన్ని అందులోంచే మూసివేయండి. వైఫై స్పీకరైతే మీ పాస్‌వర్డు వీధిలో ఎంతమందికి ఇచ్చారో గుర్తుచేసుకోండి.

ఈ పరీక్షలన్నీ వాపసు ఇచ్చే గడువులోపే, పెట్టె చింపకుండా, బిల్లు దాచుకుని చేయండి. పెద్దవారికి హెడ్‌ఫోను అయితే వాల్యూమును వారే పెట్టుకున్నాక ఒకసారి మీరు పెట్టుకుని చూడండి. మీకు భరించలేనంతగా ఉంటే హెడ్‌ఫోను మార్చడం కన్నా ముందు చెవి డాక్టరును కలవాలి. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

మంచానికీ టీవీకీ మధ్య నాలుగైదు అడుగులే ఉండి, వినేది ఒక్కరే అయి, పైవన్నీ చేసినా మాట వెనకబడుతూనే ఉంటే, 5 మీటర్ల 3.5 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి కొని గోడ వారగా లాగించి, పాత తీగ హెడ్‌ఫోనునే దానికి తగిలించండి.